అంచున వదలవలసిన మసి

పళ్లకు గార పట్టినట్లే ఇంజనుకు మసి పడుతుంది. గార పట్టినంత మాత్రాన పళ్లు నమలడం మానవు, మసి పట్టినంత మాత్రాన ఇంజను నడవడం మానదు. అందువల్లనే కాబోలు, ఈ రెండింటి విషయంలోనూ మనం నొప్పి పుట్టిన తరువాతే మేలుకొంటాము.

ఈమధ్య కారును సర్వీసుకు ఇచ్చివచ్చిన మిత్రులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "కార్బన్ క్లీనింగు చేయించమంటున్నారు, చేయించాలా? ఇంట్లోనే చేసుకోవచ్చని వీడియోల్లో చూపిస్తున్నారు, నిజమేనా?" అని. దీనికి ఒక్క మాటలో సమాధానం చెప్పడం నాకు చేతకావడం లేదు. కారు ఇంజను పైకప్పును ఇంటి ముందర విప్పదీసి, లోపలి మసిని ఒక ఆదివారమంతా కూర్చుని గీకిన కుటుంబం మాది. ఆనాడు గీకడం ఎలాగో నేర్చుకొన్నదానికన్నా, గీకడం ఎక్కడ ఆపాలో నేర్చుకొన్నది ఎక్కువ. అది చెప్పుకొందామనే ఈ నాలుగు మాటలు.

మాది జమ్మలమడుగు. మా నాయన బడిపంతులు. ఉద్యోగంలో చివరి ఏళ్లలో ఆయన ప్రొద్దుటూరులో ఒక వ్యాపారి దగ్గర పాత అంబాసిడరు కారు కొన్నాడు. పెట్రోలు బండి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు మూసలో, కలకత్తా దగ్గరి ఉత్తరపారా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరినుండి 2014 దాకా తయారు చేసిన వాహనమిది. మా బండిలో ఉన్నది 1489 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజను. దాని వంశవృక్షం కూడా ఇంగ్లండుదే.

ఆ కారుకు మేము చెప్పిన పనులన్నీ చిన్నవి. ఇంటినుండి అయిదు కిలోమీటర్ల దూరంలోని బడికి, అక్కడినుండి బ్యాంకుకు, సాయంత్రం అంగడికి. పొద్దున్నే చోకు లాగి బండి తీసేవాడు, ఇంజను సరిగ్గా వేడెక్కేలోగా బడి వచ్చేసేది. నెలకొకసారి ప్రొద్దుటూరు పోతే అదే దూరప్రయాణం. పెన్నా ఒడ్డునుండి పెన్నా ఒడ్డుకు, ఇరవై కిలోమీటర్ల చిల్లర. వాడకం తక్కువ కాబట్టి బండి చాలాకాలం మన్నుతుందని ఇంటిల్లిపాదీ నమ్మకం. ఇంజను లెక్క వేరుగా ఉంటుందని తరువాత తెలిసింది.

1999 వేసవి. మా అక్కను పులివెందులలో ఇచ్చాము. శ్రీమంతం చేసి, తొలికాన్పుకు పుట్టింటికి తీసుకురావాలి. జమ్మలమడుగునుండి పులివెందులకు పోవాలంటే ముద్దనూరు మీదుగా పోవాలి, నడుమ కొండ ఎక్కి దిగాలి. సరిగ్గా ఆ దినాలలోనే బండి రెండు లక్షణాలు చూపించడం మొదలుపెట్టింది. మొదటిది, ఎగువకు ఎక్కేటప్పుడు గులకరాళ్లను ఇనుప డబ్బాలో వేసి ఆడించినట్లు టకటకమనే చప్పుడు. రెండవది అంతకన్నా విడ్డూరం. తాళంచెవి తిప్పి తీసేసిన తరువాత కూడా ఇంజను ఆగకుండా, దగ్గువచ్చిన ముసలివానిలాగా ఎగిరెగిరి పడుతూ కొంతసేపు తిరిగేది.

అక్కను తేవడానికి బాడుగ జీపు మాట్లాడవచ్చు. కానీ తెచ్చిన తరువాత రెండు నెలలపాటు, ఏ అర్ధరాత్రి నొప్పులు వచ్చినా ఆసుపత్రికి చేర్చడానికి వాకిట్లో ఒక నమ్మకమైన బండి ఉండాలన్నది మా నాయన పట్టుదల. ఆపినా ఆగని బండి, కావాలన్నప్పుడు కదులుతుందో లేదోనని ఆయన భయం.

ప్రొద్దుటూరులో ఆయనకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉండేవాడు. బండిని విని, "హెడ్డు దించల్ల అయ్యోరూ. బోరు సంగతి లోపల జూసినాక చెప్తా" అన్నాడు. మరొక షెడ్డులో అప్పటికే బోరు కొట్టించి కొత్త పిస్టన్లు వేయాలని, పదిదినాలు బండి వదలాలని చెప్పి ఉన్నారు. ఆ ఖర్చు ఒక పంతులుకు మూడు నెలల జీతం. మేస్త్రి మాత్రం ఆదివారం తానే పనిముట్ల సంచితో బస్సెక్కి వస్తానన్నాడు.

ఆ వారమంతా మా నాయన కారుతోబాటు వచ్చిన పాత ఇంగ్లీషు పుస్తకం ముందరేసుకొని చదివాడు. అందులో మసి తీయడానికి ప్రత్యేకంగా ఒక భాగమే ఉండేది. నూనె మార్చడం, టప్పెట్లు సరిచేయడం లాగానే అది కూడా కారుకు అప్పుడప్పుడు చేయవలసిన మామూలు సేవ అన్నట్లు, ఏ మొక్కుబడీ లేకుండా రాసి ఉండేది. ఆ తరం కార్లను తయారుచేసినవారు, వాటిని విప్పేవారు ఉంటారని అనుకొనే తయారుచేశారు.

మసి ఎందుకు పడుతుందో చూద్దాము. పెట్రోలు పూర్తిగా మండితే మిగిలేవి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు. పూర్తిగా మండాలంటే తగినంత గాలి, తగినంత వేడి కావాలి. చోకు లాగి ఉంచితే గాలి తక్కువ. ఇంజను చల్లగా ఉంటే వేడి తక్కువ. ఇవి రెండూ చాలవన్నట్లు వాల్వు కాడల వెంబడి పైనుండి, పిస్టను రింగుల పక్కగా కిందినుండి కొద్దికొద్దిగా ఇంజను నూనె వచ్చి చేరుతుంది. మండీ మండని ఈ శేషం పిస్టను నెత్తిమీద, వాల్వుల మీద, హెడ్డు లోపలి గుంతల్లో పొరలు పొరలుగా అట్టకడుతుంది. అయిదేసి కిలోమీటర్ల మా ప్రయాణాలు ఈ వంటకు సరిగ్గా సరిపోయే నిప్పు అన్నమాట.

ఆ పొర చేసే హాని ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 1489ని నాలుగుతో భాగిస్తే ఒక్కొక్క సిలిండరుకు సుమారు 372 సీసీలు. పిస్టను పైకి వచ్చినప్పుడు దానిమీద మిగిలే ఖాళీ 60 సీసీలు అనుకొందాము. అప్పుడు గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం 7.2 రెట్లు నొక్కుకుపోతుంది. ఆ ఖాళీలో మసి 5 సీసీల చోటు ఆక్రమించిందంటే, అదే మిశ్రమం దాదాపు 7.8 రెట్లు నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడికి తట్టుకోలేని పెట్రోలు మంట చేరకముందే తనంతట తానే పేలుతుంది. కొండ ఎక్కేటప్పుడు వినిపించే గులకరాళ్ల చప్పుడు అదే. పైగా మసిపొర వేడిని బయటికి పోనివ్వదు. దాని అంచులు నిప్పుకణికల్లా ఎర్రగా కాగి, ప్లగ్గు మిరుగు అక్కరలేకుండానే పెట్రోలును అంటిస్తాయి. తాళంచెవి తీసినా బండి ఆగకపోవడానికి కారణం ఇది.

ఆదివారం పొద్దున ఏడింటికే మేస్త్రి వచ్చాడు. బ్యాటరీ తీగ విప్పి, రేడియేటరు నీళ్లు వదిలి, కార్బొరేటరు దించాక ఒక చెప్పుల డబ్బా మూత అడిగి తెప్పించుకొన్నాడు. దానికి ఎనిమిది బెజ్జాలు పొడిచి, ఒకటినుండి ఎనిమిది దాకా అంకెలు వేయమన్నాడు. ఇంజనులోనుండి తీసిన ఎనిమిది పుష్‌రాడ్లనూ వరుస తప్పకుండా అందులో గుచ్చడం నా పని. ఏ కడ్డీ ఏ చోట అరిగిందో తిరిగి అదే చోటికి పోవాలి. హెడ్డు నట్లను కూడా ఒక్కసారిగా ఊడదీయలేదు. అంచులనుండి నడిమికి, ఒక్కొక్కదాన్ని కొంచెం కొంచెంగా, మూడు చుట్లు తిరిగి వదులు చేశాడు. లేకపోతే హెడ్డు వంకరపోతుందట.

హెడ్డు లేచిన తరువాత నేను గీకుడు పనిముట్టు అందుకోబోతే, మేస్త్రి చేయి అడ్డం పెట్టి, "ఉండు అబ్బీ. ముందు జూడల్ల" అన్నాడు. ఆ తరువాత పావుగంటసేపు ముగ్గురమూ ఏమీ ముట్టుకోకుండా వంగి చూశాము. నాలుగు గుంతల్లో మూడింటిలో ఉన్నది పొడిపొర, బూడిదరంగుకూ మట్టిరంగుకూ నడుమ. ఆ బూడిదరంగు సీసానిది. ఇంజనులో చప్పుడు రాకుండా పెట్రోలులో సీసం కలపవచ్చునని 1921లో అమెరికాలో కనిపెట్టారు. ఆ అలవాటు లోకమంతటా పాకింది. మనదేశమంతటా సీసపు పెట్రోలు ఆగిపోయింది 2000 ఫిబ్రవరి నాటికి. అంటే మా ఇంజనులో పేరుకొన్నది ఆ కాలపు చివరి నిల్వ. మూడో సిలిండరు గుంత మాత్రం వేరుగా ఉంది. తారు పూసినట్లు నల్లగా, తడిగా, మెరుస్తూ. "ఇది పెట్రోలు మసి గాదు, నూనె మసి" అన్నాడు మేస్త్రి.

నూనె వస్తున్నది ఎక్కడినుండి? బోరు అరిగి, రింగులు సడలి కిందినుండి వస్తున్నదా, పైన వాల్వు కాడ వెంబడి దిగుతున్నదా? మొదటిదయితే పదిదినాల పని, మూడు నెలల జీతం. రెండవదయితే కొన్ని రూపాయల రబ్బరు రింగులు. ఈ తీర్పు చెప్పగలిగిన సాక్షి మసి ఒక్కటే. మేస్త్రి పిస్టను అంచును వేలితో చూపించాడు. రింగులు పోయిన ఇంజనులో కిందినుండి ఎగదన్నే నూనె పిస్టను చుట్టంచును కడిగేస్తుందట, అక్కడ లోహం శుభ్రంగా కనబడుతుందట. మా మూడో పిస్టను అంచున మసి చెక్కుచెదరకుండా, గాజులాగా గుండ్రంగా ఉంది. గాలి లోపలికి తీసుకొనే వాల్వు విప్పి చూస్తే దాని మెడనిండా బంకలాంటి ముద్ద. కాడకు వేసిన చిన్న రబ్బరు రింగు గట్టిపడి, బీటలువారి, గోటితో నొక్కితే పొడిపొడిగా రాలింది. చూడకముందే గీకి ఉంటే ఈ సాక్ష్యమంతా కిరసనాయిలు గిన్నెలో కరిగిపోయి ఉండేది.

తరువాతనే గీకడం. ఒకటో, నాలుగో పిస్టన్లు ఒకేసారి పైకి వస్తాయి. వాటిని పైకి తెచ్చి, మిగిలిన రెండు బోర్లలోనూ, నీటి దారుల్లోనూ పాతగుడ్డలు కుక్కాము. పిస్టనుకూ గోడకూ నడుమ సన్నని సందులో గ్రీసు పూశాము, రాలిన పొడి దానికి అతుక్కోవాలని. పిస్టను అల్యూమినియందు కాబట్టి ఇనుప ఉలి పనికిరాదు. గట్టి చెక్కను చదునుగా చెక్కి దానితో గీకాలి. పైనుండి కిరసనాయిలు చిలకరిస్తూ తడిగానే గీకాలని మా నాయన పట్టుబట్టాడు. సీసపు ధూళి ఊపిరితో లోపలికి పోకూడదని ఆయన భయం, అది సరైన భయమే. గీకిన మసినంతా కాగితంలో చుట్టించి, సబ్బుతో చేతులు కడిగించిన తరువాతే నాకు అన్నం పెట్టనిచ్చాడు.

నాకు పదహారేళ్లు. పిస్టను అద్దంలాగా మెరవాలని నా ఉబలాటం. నడిమినుండి అంచువైపు పోతున్న నా చేతిని చూసి మా నాయన పుస్తకంలోని ఒక వాక్యాన్ని వేలితో చూపించాడు. పిస్టను నెత్తిమీది మసిని తీసేయండి, చుట్టంచున మాత్రం ఒక వలయం వదిలిపెట్టండి, బోరు పైఅంచున ఉన్న మసిని ముట్టుకోకండి అని దాని సారాంశం. పాత పిస్టను రింగు ఒకదాన్ని బోరులో పిస్టను మీద కూర్చోబెట్టి, దానికి లోపలివైపున మాత్రమే గీకితే హద్దు తప్పదని ఉపాయం కూడా చెప్పింది. ఇంగ్లీషు అక్షరం రాని మేస్త్రి సంచిలోనుండి సరిగ్గా అలాంటి పాత రింగునే తీశాడు. "చెరువుకు కట్ట మాదిరి అబ్బీ. కట్ట తవ్వితే నీళ్లు నిలుస్తాయా?" అన్నాడు. కొంత అరిగిన ఇంజనులో ఆ మసి వలయమే నూనె పైకి ఎగబాకకుండా ఆపుతూ ఉంటుంది. దాన్ని కూడా తీసేస్తే, మసి లేని ఇంజను మరునాటినుండి ఎక్కువ నూనె తాగుతుంది, ఎక్కువ మసి చేసుకొంటుంది. పుస్తకం ఇంగ్లండులో అచ్చయింది, మాట ప్రొద్దుటూరు షెడ్డులో గురువునుండి శిష్యునికి వచ్చింది, రెండూ ఒకే అంచు దగ్గర ఆగాయి.

ఇది అన్ని సందర్భాలకూ చెల్లే మాట కాదు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేసేటప్పుడు పాత అంచును పూర్తిగా తీసేయాలి, లేకుంటే కొత్త రింగు వచ్చి దానికి కొట్టుకొంటుంది. ఉన్నదానితోనే కాపురం చేయదలచుకొన్నప్పటి నీతి ఇది.

మధ్యాహ్నం వాల్వుల పని. పేస్టు పూసి, కర్రకు అమర్చిన రబ్బరు గిన్నెతో వాల్వును పట్టి, మజ్జిగ చిలికినట్లు ఇటూ అటూ తిప్పుతూ దాని గూడులో నూరడం. చుట్టూ తెగకుండా ఒక బూడిదరంగు గీత ఏర్పడితే అతికినట్లు. అనుమానం తీరడానికి వాల్వుల వెనుక కిరసనాయిలు పోసి, కారుతుందేమోనని చూశాము. కొత్త రబ్బరు రింగులు, కొత్త గాస్కెట్టు. నట్లను ఈసారి నడిమినుండి అంచులకు, మళ్లీ మూడు చుట్లుగా బిగించాడు. చెప్పుల డబ్బా మూతలోని ఎనిమిది కడ్డీలూ ఎవరి ఇంటికి వారు చేరాయి. దీపాలు పెట్టే వేళకు బండి తెల్లని పొగ ఒక్కసారి కక్కి, తరువాత మెత్తగా తిరిగింది. తాళంచెవి తీయగానే టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దానికి మా అమ్మ వంటింట్లోనుండి వచ్చి, "ఏమాయె? చెడిపాయనా?" అని అడిగింది.

మేస్త్రి ఇరవై రూపాయలు ఎక్కువిస్తే తీసుకోలేదు గానీ ఒక మాట తీసుకొన్నాడు. వారానికొకసారయినా బండిని ముద్దనూరు కొండదాకా తోలుకొని రావాలని. "ఊర్లోనే తిప్పితే మళ్లా పడతాది. దానికి ఎగుడు ఎక్కే పని చెప్పండి అయ్యోరూ" అన్నాడు. బాగా వేడెక్కి, బరువు లాగుతూ తిరిగే ఇంజను తన మెత్తని మసిని తానే చాలావరకు కాల్చేసుకొంటుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత ఆయనే మళ్లీ వచ్చి హెడ్డు నట్లు బిగించి, టప్పెట్లు సరిచూసిపోయాడు.

మరుసటి వారం అక్కను తెచ్చాము. కొండ ఎక్కుతున్నప్పుడు నాయన మాట్లాడలేదు, చెవులు ఇంజను మీదనే. దిగువకు వచ్చాక అక్క, "కారు మార్చినావా నాయనా?" అంది. ఆయన ఏమీ చెప్పలేదు, కిటికీ అద్దం మాత్రం దించాడు. నెలన్నర తరువాత ఒక తెల్లవారుజామున మూడు గంటలకు ఆ బండి చేయవలసిన పని చేసింది. మొదటి తాళానికే కదిలింది.

ఆనాడు పుట్టిన మా మేనకోడలు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ టర్బో పెట్రోలు కారు నడుపుతోంది. "మామా, నా కారుకూ మసి తీయాలంటున్నారు" అని ఫోను చేసింది. ఆమె ఇంజను వేరే జాతిది. దానిలో పెట్రోలు సూటిగా సిలిండరులోనికే చిమ్ముతుంది. గాలి లోపలికి వచ్చే వాల్వుల వెనుకభాగాన్ని పెట్రోలు తడపదు, కడగదు. ఇంజను అడుగునుండి గాలిదారిలోనికి మళ్లించిన నూనె ఆవిరి అక్కడే చేరి గట్టిపడుతుంది. టాంకులో పోసే మందులు ఆ చోటును చేరలేవు. అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి దాన్ని రాలుస్తారు, అది ఇంట్లో అయ్యే పని కాదు. వాల్వులకు ముందరనే పెట్రోలు చిమ్మే మామూలు ఇంజన్లలో ఈ బాధ చాలా తక్కువ.

నడుస్తున్న ఇంజను గాలిదారిలో నీళ్లో, ఏదో ద్రవమో పోసి మసి వదిలించే చిట్కా కార్బొరేటర్ల కాలంనుండీ ఉన్నదే. మా మేస్త్రి దాన్ని ఒప్పుకొనేవాడు కాదు. ద్రవం నలగదు. ఒక్క గుక్క ఎక్కువయితే పిస్టనుకు అడ్డంపడి కడ్డీ వంగుతుంది. నేటి కార్లలో ఇంకొక నష్టం కూడా ఉంది. పెళ్లలుగా ఊడిన మసి పొగగొట్టంలోని శుద్ధియంత్రంలో పోయి ఇరుక్కుంటుంది. ఇంటి దగ్గర నిశ్చింతగా చేసుకోగలిగినది గాలి వడపోతను మార్చడం, థ్రాటిల్ బాడీని దానికోసమే అమ్మే ద్రవంతో తుడవడం, నూనెను వేళకు మార్చడం. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన డీజిలు కార్లలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. అది తనను తాను కాల్చుకొని శుభ్రపడాలంటే వేడి కావాలి, కొంతసేపు ఆగకుండా నడిచే దారి కావాలి. మా మేస్త్రి చెప్పిన ముద్దనూరు కొండ మందు దానికీ పనిచేస్తుంది.

మేనకోడలికి నేను చెప్పినది ఇంతే. ప్లగ్గు రంధ్రంలోనుండీ, గాలిదారిలోనుండీ దూర్చి చూసే చిన్న కెమెరాలు ఇప్పుడు ఫోనుకు తగిలించుకొనేవి దొరుకుతున్నాయి. డబ్బు తీసుకొనేవారిని ముందు లోపల ఏముందో చూపించమను. పొడిగా ఉందా, తడిగా ఉందా, నాలుగింటిలోనూ ఒకే తీరుగా ఉందా, ఒక్కదానిలోనే ఉందా అడుగు. బండి చప్పుడు చేయకుండా, సత్తువ తగ్గకుండా, నూనె తాగకుండా నడుస్తుంటే ఉన్నదాన్ని ఉండనియ్యి. చేయించిన తరువాత మళ్లీ చూపించమను. ఆమె అడిగింది. షెడ్డులో కెమెరా పెట్టి చూస్తే వాల్వుల మీద పలుచని పొర తప్ప ఏమీ లేదట. మూడేళ్ల తరువాత చూద్దామని వాళ్లే అన్నారట.

ఆ అంబాసిడరును 2009లో అమ్మేశాము. అప్పటిదాకా మళ్లీ హెడ్డు దించలేదు. మా నాయన మాట తప్పకుండా ఆదివారాలు ముద్దనూరు కొండదాకా పోయివచ్చేవాడు. "యాడికి?" అని మా అమ్మ అడిగితే, "బండికి మందు తాపను" అనేవాడు.

ఒక చిన్న సందేహంతో ముగిస్తాను. ఇంజనులో అట్టకట్టిన ఈ పదార్థాన్ని మా మేస్త్రి మసి అన్నాడు, కొందరు గార అంటారు. ఇనుమును కరిగించినప్పుడు తేలే చిట్టెం అనే మంచి మాట కూడా మనకు ఉంది. మీ వైపు షెడ్లలో దీనికి ఏ పేరు వాడుకలో ఉందో తెలిసినవారు చెప్పగలరు.